పంపని ఫీల్డు ఏమవుతుంది? రొయ్యల మేత వ్యాపారంలో ఒక అప్‌డేట్ టూల్‌కు డాక్యుమెంటేషన్ రాసిన కేసు

భీమవరం కేంద్రంగా నడిచే ఒక రొయ్యల మేత డీలరు సంస్థకు ఆకివీడు, పాలకొల్లు, నరసాపురంలలో బ్రాంచీలు ఉన్నాయి. ఖాతాలన్నీ ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఉంటాయి. ముంబైకి చెందిన ఫ్రాపే సంస్థ తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌లో రికార్డులను తెర మీద ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు, లేదా ఏపీఐ (ఒక ప్రోగ్రాము ఇంకొక ప్రోగ్రాముతో నేరుగా మాట్లాడే దారి) ద్వారా బయటి ప్రోగ్రాము నుంచి మార్చవచ్చు. ఈ రెండో దారిలో పనిచేసే చిన్న టూల్‌ను ఒక ప్రోగ్రామరు ఆ సంస్థ కోసం రాసిచ్చారు. అది ఎక్సెల్ షీటును చదివి, ఒక్కో వరుసను ఒక్కో రిక్వెస్టుగా సర్వరుకు పంపి, వచ్చిన జవాబును ఆ వరుస చివరి గడిలో రాస్తుంది. దానికి తెలుగులో డాక్యుమెంటేషన్ రాసే పని నాకు అప్పగించారు. ఆ పనిలో ఏ సమాచారం ఎందుకు చేర్చవలసి వచ్చిందో, దేన్ని ఎలా తేల్చుకున్నామో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ వ్యాపారంలో రికార్డులు ఎందుకు మారుతుంటాయో ముందు చెప్పాలి. చెరువులో సీడు (రొయ్య పిల్లలు) వేసిన నాటి నుంచి పట్టుబడి (పెరిగిన రొయ్యలను పట్టడం) దాకా మూడు నాలుగు నెలల పాటు రైతు మేతను అరువు మీదే తీసుకుంటాడు. పట్టుబడి అయ్యి, కౌంటును (కిలోకు తూగే రొయ్యల సంఖ్యను) బట్టి ధర తేలి, డబ్బు చేతికి వచ్చాక బాకీ తీరుస్తాడు. కాబట్టి రైతు రికార్డులో అన్నిటికన్నా విలువైన అంకె అతని అప్పు పరిమితి. ప్రతి పంటకూ అది మారుతుంది. చెరువుల సంఖ్య, విస్తీర్ణం, ఫోన్ నంబరు కూడా తరచుగా మారేవే. వీటికి తోడు అప్పుడప్పుడు బయటి నుంచి వచ్చి పడే మార్పులు ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు, కైకలూరు, కలిదిండి, ముదినేపల్లి, మండవల్లి మండలాలు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు వెళ్లాయి. రాజోలు, మలికిపురం వైపు ఊళ్లు తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాకు వెళ్లాయి. ఆ ఊళ్ల రైతుల చిరునామాలను తెర మీద ఒక్కొక్కటిగా తెరిచి దిద్దడం అయ్యే పని కాదు. ఈ టూల్ పుట్టింది అలాంటి అవసరం నుంచే.

నా చేతికి వచ్చేనాటికి టూల్‌కు ఒక పేజీ నోటు ఉండేది. ఏ చిరునామాకు రిక్వెస్టు పంపాలి, యూజరును గుర్తించే రహస్య కీ ఎక్కడ పెట్టాలి, ఫీల్డుల (రికార్డులో ఒక్కో వివరం ఉండే గడుల) పేర్లేమిటి, నమూనా షీటు ఎలా ఉంటుంది అన్నవి అందులో ఉన్నాయి. రాసిన ప్రతి వాక్యమూ నిజమే. అయితే ఆ నోటు మొత్తం పంపే ఫీల్డుల గురించే మాట్లాడింది. ఒక రైతు రికార్డులో డజన్ల కొద్దీ ఫీల్డులు ఉంటాయి. షీటులో మనం పంపేది రెండో మూడో. తక్కినవి ఏమవుతాయన్న ప్రశ్నకు నోటులో జవాబు లేదు.

ఒక పరిమితి పెంచితే ఇంకొకటి పోయింది

ఈ లోపం బయటపడిన తీరును వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే తర్వాత రాసిన డాక్యుమెంటేషన్ అంతా దీని చుట్టూనే అల్లుకుంది. సంస్థ యజమానికి పుస్తకాల్లో రెండు కంపెనీలు ఉన్నాయి: మేతకు ఒకటి, మందులూ, చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్లూ అమ్మడానికి ఇంకొకటి. రైతు ఒక్కడే అయినా పరిమితులు రెండు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో అప్పు పరిమితి రైతు రికార్డులో ఒంటరి అంకెగా ఉండదు. కంపెనీకి ఒక వరుస చొప్పున రికార్డు లోపల ఒక చిన్న పట్టికగా ఉంటుంది.

పంట మొదట్లో మేత పరిమితిని, ఉదాహరణకు 6 లక్షల నుంచి 8 లక్షలకు, పెంచుతూ ఒక షీటు తయారైంది. మందుల పరిమితి మారడం లేదు కనుక ఆ కంపెనీ ఊసే షీటులో లేదు. టూల్ నడిచింది, ప్రతి వరుస పక్కన 200 అని, అంటే పని అయిందని, జవాబు వచ్చింది. మేత పరిమితి 8 లక్షలు అయింది. అదే సమయంలో మందుల కంపెనీ వరుస రికార్డు నుంచి తొలగిపోయింది.

పరిమితి తొలగిపోతే ఆ రైతుకు మందులు అరువు ఇవ్వరని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా ఎదురు. రైతు రికార్డులో పరిమితి కనబడకపోతే సిస్టమ్ అతను ఉన్న కస్టమర్ గ్రూపు పరిమితిని చూస్తుంది, అక్కడా లేకపోతే కంపెనీ పరిమితిని చూస్తుంది, ఎక్కడా ఏమీ లేకపోతే తనిఖీ చేయడమే మానేసి బిల్లును ఖరారు చేయనిస్తుంది. వరుస ఉండి అందులో సున్నా ఉన్నా ఇదే వరస. తలుపు ఊడిపోయిన లాకు గుండా కాలువ నీరు పోయినట్టు మందుల బిల్లులు ఏ హెచ్చరికా లేకుండా దాటిపోయాయి. బాకీల వయసు చూపే రిపోర్టు తీసిన రోజున గానీ సంగతి తెలియలేదు. ఆ తర్వాత బ్రాంచీల వాళ్లు టూల్‌ను ముట్టుకోవడం మానేసి, మళ్లీ తెర మీద ఒక్కో రికార్డూ దిద్దుకోవడం మొదలుపెట్టారు. డాక్యుమెంటేషన్ రాయించాలన్న ఆలోచన యజమానికి వచ్చింది అప్పుడే.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు చేసిందని నేను అనను. వెబ్‌లో రిక్వెస్టులూ జవాబులూ నడిచే హెచ్‌టీటీపీ ప్రమాణంలో పుట్ అనే పద్ధతికి అర్థం, ఉన్నదాన్ని తీసేసి పంపినదాన్ని పూర్తిగా దాని స్థానంలో పెట్టడం. కొంత భాగాన్ని మాత్రమే మార్చే ప్యాచ్ పద్ధతిని 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5789 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఖాయం చేసింది. ఈఆర్‌పీనెక్స్ట్ ఏపీఐలో రికార్డును మార్చడానికి వాడేది పుట్. కానీ అది రికార్డు పై స్థాయిలో ప్యాచ్ లాగా ప్రవర్తిస్తుంది. ఫోన్ నంబరు ఒక్కటే పంపితే అదొక్కటే మారుతుంది, పేరూ గ్రూపూ చెక్కుచెదరవు. అదే రిక్వెస్టులో లోపలి పట్టికను పంపితే మాత్రం అసలైన పుట్ లాగా పాత వరుసలను తీసేసి పంపిన వరుసలనే ఉంచుతుంది. జేసన్ రూపంలో రాసిన డేటాలో మార్పులను పంపే జేసన్ మెర్జ్ ప్యాచ్ అనే ప్రమాణం, అంటే 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7396, కూడా జాబితాల విషయంలో ఇదే పని చేస్తుంది కాబట్టి ఇది వింత పద్ధతేమీ కాదు. చిక్కల్లా ఒకే రిక్వెస్టులో రెండు రకాల ప్రవర్తన ఉండటం. ఫోన్ నంబరు మార్చి చూసి, మిగతావి భద్రంగా ఉన్నాయని నమ్మకం కుదిరిన మనిషి పట్టిక దగ్గరకు వచ్చేసరికి అదే నమ్మకంతో ముందుకు వెళతాడు.

ఒక్కో ఫీల్డుకు మూడు ప్రశ్నలు

ఈ కారణంగా పేజీల నిర్మాణాన్ని మార్చాను. సాధారణంగా ఏపీఐ డాక్యుమెంటేషన్‌లో ఫీల్డు పేరు, రకం, తప్పనిసరా కాదా, ఒక వాక్యం వివరణ ఉంటాయి. ఏపీఐ వివరాలను ప్రోగ్రాములు చదివే రూపంలో రాసే ఓపెన్ఏపీఐ ఫైలు నుంచి వాటంతటవే తయారయ్యే పేజీలు కూడా ఈ పద్ధతిలోనే వస్తాయి. కొత్త రికార్డు సృష్టించేవారికి అవి చాలు. ఉన్న రికార్డును మార్చేవారికి చాలవు. వారికి కావలసింది పాత విలువ గతి ఏమిటన్నది. అందుచేత ప్రతి ఫీల్డుకూ మూడు ప్రశ్నల కింద సమాధానం రాశాను: పంపకపోతే ఏమవుతుంది, ఖాళీగా పంపితే ఏమవుతుంది, విలువతో పంపితే ఏమవుతుంది. సోర్సు కోడు చదివి తెలుసుకున్న విషయాన్ని సైతం టెస్ట్ సైటులో నడిపి, రికార్డును తిరిగి తెరిచి చూసుకున్నాకే పేజీలోకి ఎక్కించాను.

అప్పు పరిమితి పేజీలోని ప్రధాన భాగం ఇది (417 అంటే సర్వరు మార్పును ఒప్పుకోలేదని):

«పట్టికను అసలు పంపకపోతే పాత వరుసలన్నీ అలాగే ఉంటాయి. పంపితే, మీరు పంపిన వరుసలే మిగులుతాయి. షీటులో లేని కంపెనీ వరుస తొలగిపోతుంది. కాబట్టి ఒక్క కంపెనీ పరిమితి మార్చాలన్నా రెండు కంపెనీల వరుసలూ పంపాలి. పరిమితి వరుస లేకపోయినా, అందులో సున్నా ఉన్నా అరువు ఆగదు. గ్రూపుకు గానీ కంపెనీకి గానీ వేరే పరిమితి లేకపోతే ఎంత మొత్తానికైనా బిల్లు అవుతుంది. కొత్త పరిమితి రైతు ప్రస్తుత బాకీ కన్నా తక్కువగా ఉంటే రికార్డు భద్రం కాదు, 417 వస్తుంది, పాత పరిమితే కొనసాగుతుంది.»

చివరి వాక్యానికి ఒక సందర్భం ఉంది. రైతు పరిస్థితి బాగోలేదని తెలిసిన వెంటనే యజమాని అతని పరిమితిని తగ్గించమంటాడు, కానీ అప్పటికే బాకీ అంతకు మించి ఉంటుంది. సిస్టమ్ ఆ మార్పును ఒప్పుకోదు. తగ్గించేశామనుకుని ఊరుకుంటే మరుసటి లారీ మేత కూడా పాత పరిమితి మీదే బయలుదేరుతుంది. ఇటువంటి సమయంలో ఆ రైతు ఖాతాను నిలిపివేయడానికి వేరే ఫీల్డు ఉందని, దాన్ని వాడమని అదే పేజీలో రాశాను.

ఈ పేజీ చూసిన ప్రోగ్రామరు టూల్‌ను సవరించారు. ఇప్పుడది పట్టికను పంపే ముందు సర్వరు నుంచి పాత వరుసలను తెచ్చుకుని, షీటులో ఉన్న కంపెనీ వరుసను మాత్రమే మార్చి, మొత్తం పట్టికను తిరిగి పంపుతుంది. టూల్ బాగుపడింది కదా, ఇక ఆ పేజీ ఎందుకని ఒక చర్చ వచ్చింది. దాన్ని ఉంచాలనే నేను పట్టుబట్టాను. పొలం దగ్గర నుంచి చెరువుల వివరాలు పంపే ఫోన్ యాప్‌ను వేరే వాళ్లు రాస్తున్నారు. వాళ్లు టూల్‌తో పని లేకుండా నేరుగా ఏపీఐని పిలుస్తారు. చెరువుల వివరాలు ఉండేది కూడా లోపలి పట్టికలోనే.

ఖాళీ గడి

రాతప్రతి సిద్ధమయ్యాక ఆకివీడు బ్రాంచిలో లెక్కలు చూసే ఒకావిడ పక్కన కూర్చుని, ఆవిడ దాన్ని చదువుతూ పని చేస్తుంటే గమనించాను. మొదటి పేజీ చదవకుండానే షీటు తెరిచారు, రెండు గడులు నింపారు, మూడో దాని దగ్గర ఆగి, «ఇది ఖాళీగా వదిలేస్తే పాతది ఉంటుందాండీ, పోతుందాండీ?» అని అడిగారు. దానికి అప్పటికి ఒక్క మాటలో జవాబు లేదు. ఏపీఐకి ఖాళీ విలువ పంపితే అక్షరాల ఫీల్డు ఖాళీ అవుతుంది, సంఖ్యల ఫీల్డు సున్నా అవుతుంది, తప్పనిసరి ఫీల్డు అయితే 417 వస్తుంది. అయితే ఎక్సెల్‌లోని ఖాళీ గడిని ఏపీఐకి ఖాళీ విలువగా పంపాలా, అసలు పంపకుండా ఉండాలా అన్నది టూల్ తేల్చుకోవలసిన విషయం. పాత టూల్ కొన్ని ఫీల్డులకు ఒకలా, కొన్నిటికి ఇంకోలా చేసేది.

నా ఉద్దేశంలో ఇలాంటి చోట డాక్యుమెంటేషన్ ఎంత వివరంగా రాసినా ప్రయోజనం తక్కువ, ముందు నియమమే ఒకటి కావాలి. ప్రోగ్రామరుతో మాట్లాడి ఈ విధంగా ఖాయం చేశాం: ఖాళీ గడి అంటే ఆ ఫీల్డు జోలికి పోవద్దని. పాత విలువను నిజంగా తీసేయాలంటే ఆ గడిలో «తొలగించు» అని రాయాలి. సంఖ్యల ఫీల్డులో సున్నా కావాలంటే సున్నా అనే అంకె వేయాలి. దీనివల్ల తీసివేత ఎప్పుడూ ఎవరో ఒకరు చేత్తో రాస్తేనే జరుగుతుంది. ఈ మూడు వాక్యాలను డాక్యుమెంటేషన్‌తో పాటు షీటు మొదటి వరుసలో కూడా ముద్రించాం, ఎందుకంటే చదివేవారి కళ్లు ఉండేది షీటు మీదే.

ఎక్సెల్ తెచ్చిపెట్టే ఇతర ఇబ్బందులకు ఒక పేజీ సరిపోయింది. సంఖ్యగా భావించిన గడిలో మొదటి సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలు దాటిన బ్యాంకు ఖాతా నంబరులో 16వ అంకె నుంచి అన్నీ సున్నాలుగా మారిపోతాయి, అందుకని ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. తేదీని ఏపీఐ సంవత్సరం, నెల, రోజు వరుసలోనే అడుగుతుంది. తెలుగులో ఉన్న పేర్లను మామూలు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) దాచితే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని విడిగా ఉన్నదాన్నే ఎంచుకోవాలి. ఊరి పేర్ల దగ్గర ఇంకొక మెలిక ఉంది. ఊరు లింకు ఫీల్డు, అంటే మాస్టర్ జాబితాలో ఉన్న పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత కొన్నిసార్లు కంటికి కనబడని విడదీసే గుర్తు పడుతుంది, రెండు పేర్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి, సర్వరు మాత్రం అలాంటి ఊరు లేదంటుంది. ఊరి పేరు టైపు చేయకుండా మాస్టర్ జాబితా నుంచి కాపీ చేసుకోమని రాయడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

ఏ రికార్డు అన్నది కూడా ఇక్కడే తేలాలి. అన్నవరం సత్యదేవుడి ప్రభావం ఈ జిల్లాల్లో ఎంత ఉందో చూడాలంటే ఏ డీలరు ఖాతాల పుస్తకమైనా తెరిస్తే చాలు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు ముగ్గురు సత్యనారాయణలు తగులుతారు. పేరు చూసి రికార్డును పట్టుకునే అవకాశాన్ని టూల్ నుంచి తీసేయించి, రికార్డు ఐడీని తప్పనిసరి చేయించాం. పేరు కాలమ్ షీటులో ఉంటుంది గానీ మనిషి సరిచూసుకోవడానికి మాత్రమే; టూల్ దాన్ని సర్వరుకు పంపదు.

200 వచ్చినంత మాత్రాన

జవాబుల పేజీ రాసేటప్పుడు నాకు ఎక్కువ సమయం పట్టింది వైఫల్యాల దగ్గర కాదు, విజయాల దగ్గర. సర్వరు 200 అని చెప్పి, నిజానికి ఏమీ మారని సందర్భాలు రెండు ఉన్నాయి.

ఫీల్డు పేరులో ఒక్క అక్షరం తప్పుపడితే ఈఆర్‌పీనెక్స్ట్ దాన్ని తప్పుగా చూపదు. తనకు తెలియని పేరును పట్టించుకోకుండా తెలిసినవి భద్రపరిచి 200 ఇస్తుంది. రెండోది పర్మిషన్ లెవెల్‌కు సంబంధించింది. ప్రతి ఫీల్డుకూ ఒక లెవెల్ ఉంటుంది; రిక్వెస్టు పంపిన యూజరుకు ఆ లెవెల్లో రాసే హక్కు లేకపోతే సిస్టమ్ అడ్డు చెప్పకుండా ఆ ఫీల్డును పాత విలువకు తిప్పేసి మిగతాది భద్రపరుస్తుంది. డిస్కౌంటు శాతం లాంటి ఫీల్డులను యజమాని పై లెవెల్లో పెట్టించుకున్నారు. బ్రాంచి కీతో వాటిని మార్చబోతే 200 వస్తుంది, డిస్కౌంటు ఎక్కడిదక్కడే ఉంటుంది.

రెండు చోట్లా నిజం చెప్పేది జవాబులోని అంకె కాదు, జవాబుతో పాటు వచ్చే రికార్డు ప్రతి. ఫీల్డు పేరు తప్పైతే ఆ పేరు తిరిగివచ్చిన రికార్డులో కనబడదు. హక్కు లేకపోతే పాత విలువే తిరిగి వస్తుంది. టూల్ ఇప్పుడు పంపినదాన్నీ తిరిగివచ్చినదాన్నీ పోల్చి, తేడా ఉంటే చివరి గడిలో «మారలేదు» అని రాస్తుంది. ఫోన్ యాప్ రాసేవారికి ఈ పోలిక తప్పనిసరి అని వారి భాగంలో విడిగా పెట్టాను.

వైఫల్యాల అంకెల్లో వివరణ కావలసింది 417 ఒక్కదానికే. ప్రమాణంలో దాని అర్థం వేరు. రిక్వెస్టులోని ఎక్స్‌పెక్ట్ అనే హెడరును సర్వరు తీర్చలేనప్పుడు రావలసిన అంకె అది. ఫ్రాపేలో మాత్రం డేటా తనిఖీలో నెగ్గని ప్రతిదానికీ అదే వస్తుంది: తప్పనిసరి ఫీల్డు ఖాళీ అయినా, లింకు పేరు సరిపోకపోయినా, పరిమితి బాకీ కన్నా తక్కువైనా, ఖరారైన బిల్లును ముట్టుకున్నా 417 తప్ప వేరే అంకె ఉండదు. కాబట్టి అంకెను బట్టి పేజీలు విభజించడం ఇక్కడ నిరుపయోగం. జవాబులో వచ్చే సందేశం మొదటి మాటలను యథాతథంగా శీర్షికలుగా పెట్టి, ఒక్కోదాని కింద షీటులో ఏం దిద్దాలో రాశాను. ఆకివీడులో చూసిన దాన్నిబట్టి, మనుషులు డాక్యుమెంటేషన్‌ను తెరిచేది ఏదో ఆగిపోయినప్పుడే. అందుకని ఈ భాగాన్ని చివరి నుంచి తెచ్చి అన్నిటికన్నా ముందు పెట్టాను.

బిల్లులు, జిల్లాలు

ఖరారు చేసిన బిల్లును ఈ టూల్ మార్చలేదు, మార్చకూడదు కూడా. ఈఆర్‌పీనెక్స్ట్‌లో చిత్తు రికార్డు స్థితి 0, ఖరారైనది 1, రద్దయినది 2. స్థితి 1లో ఉన్న బిల్లులో, ఖరారు తర్వాత కూడా మార్చవచ్చని ముందే గుర్తు పెట్టిన ఫీల్డులు తప్ప తక్కినవి కదలవు. తప్పు దొర్లితే రద్దు చేసి, దాని నుంచి సవరించిన కొత్త బిల్లు తీయాలి. పాత నంబరు చివర ఒకటి చేరి కొత్త నంబరు వస్తుంది.

జిల్లాల మార్పుతో ఇది ముడిపడింది. రైతు చిరునామాలో కృష్ణాను ఏలూరుగా దిద్దాక పాత బిల్లు తెరిస్తే అందులో ఇంకా కృష్ణా అనే ఉంటుంది. టూల్ సగం పనే చేసిందని బ్రాంచీల నుంచి ఫిర్యాదులు వచ్చింది దీనికే. బిల్లులో చిరునామా రెండు రూపాల్లో ఉంటుంది: ఒకటి చిరునామా రికార్డుకు లింకు, రెండోది బిల్లు తయారైన సమయంలో అక్కడికి నకలైన పాఠం. ముద్రణలో కనబడేది నకలు. 2022 మార్చిలో కైకలూరుకు వెళ్లిన మేతకు ఆనాటి బిల్లులో కృష్ణా జిల్లా అని ఉండటమే సరైనది, దాన్ని దిద్దడానికి దారి వెతకవద్దని పేజీలో స్పష్టంగా రాశాను. రైతు పేరు కూడా బిల్లులోకి ఇలాగే నకలవుతుంది. చెరువును కొడుకు పేరుకు మార్చినప్పుడు తండ్రి రికార్డులోని పేరును దిద్దేయడం బ్రాంచీల్లో అలవాటు. దానివల్ల పాత బిల్లుల్లో తండ్రి, లెడ్జరు తల మీద కొడుకు కనిపిస్తారు. ఆ సందర్భానికి కొత్త రికార్డు తెరిచి, బాకీని జర్నల్ ఎంట్రీతో బదిలీ చేసే పద్ధతిని అకౌంటెంటు చెప్పినట్టుగా చేర్చాను.

మధ్యలో ఆగిన షీటు

టూల్ ఒక్కో వరుసను విడి రిక్వెస్టుగా పంపుతుంది కనుక షీటు మొత్తం ఒకే లావాదేవీ కాదు. కరెంటు పోయి సగంలో ఆగితే మొదటి సగం మారి ఉంటుంది, రెండో సగం పాతదిగానే ఉంటుంది, వెనక్కి తిప్పే మీట ఏదీ లేదు. తుపాను రోజుల్లో ఇది అరుదు కాదు. అలాంటప్పుడు షీటును మొదటి నుంచి మళ్లీ నడపవచ్చా అన్నది అసలు ప్రశ్న. విలువను నేరుగా పెట్టే షీటు అయితే ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే. 8 లక్షలను మళ్లీ 8 లక్షలు చేయడం వల్ల నష్టం లేదు. టూల్‌లో «ఇంత పెంచు» అనే ఇంకొక పద్ధతి కూడా ఉంది, పరిమితికి 2 లక్షలు కలపమని చెప్పవచ్చు. దాన్ని రెండోసారి నడిపితే మొదటి సగం రైతులకు 4 లక్షలు కలుస్తాయి. ఈ పద్ధతిని తీసేయమని నేను సూచించాను. యజమానికి అది సౌకర్యం, ఉంచమన్నారు. అందువల్ల ఆ పద్ధతి పేజీలో మొదటి వాక్యమే, ఆగిపోయిన షీటులో జవాబు గడి ఖాళీగా ఉన్న వరుసలను మాత్రమే కొత్త షీటులోకి తీసుకోమని చెబుతుంది. జవాబు గడి ఖాళీగా ఉన్నా సర్వరులో మార్పు జరిగిపోయి, జవాబు తిరిగి వచ్చేలోపు లైను తెగిన వరుస ఒకటి ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఆగిన చోటున ఉన్న వరుసను తెర మీద తెరిచి చూడమనీ రాశాను.

ఇద్దరు ఒకే రికార్డును ఒకేసారి మార్చడం గురించి క్లుప్తంగా చెబుతాను. ప్రతి రికార్డులో చివరిసారి మారిన సమయం ఉంటుంది. రికార్డును చదివినప్పుడు వచ్చిన ఆ సమయాన్ని మార్పుతో పాటు తిరిగి పంపితే, ఈలోగా ఇంకెవరైనా దాన్ని మార్చి ఉంటే సర్వరు ఒప్పుకోదు. పంపకపోతే చివర వచ్చినవాడి మాటే నిలుస్తుంది. పట్టికలను కలిపి పంపే కొత్త టూల్‌కు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అది చదవడానికీ రాయడానికీ మధ్య పాలకొల్లులో ఎవరో తెర మీద పరిమితి మార్చే వీలుంది. ఇప్పుడు టూల్ ఆ సమయాన్ని పంపుతోంది.

కీల విషయం కూడా ఇదే భాగంలో చేర్చాను. బ్రాంచీలన్నీ ఒకే యూజరు కీని వాడుతుండేవి. రికార్డు చరిత్రలో మార్పు ఎవరు చేశారన్న చోట ఎప్పుడూ ఆ ఒక్క పేరే కనిపించేది, హక్కులు కూడా ఆ పేరువే వర్తించేవి. బ్రాంచికి ఒక యూజరు, ఒక కీ ఇవ్వాలన్న సూచనను సంస్థ అమలు చేసింది. డిస్కౌంటు దగ్గర «మారలేదు» అన్న జవాబులు ఆ తర్వాత పెరిగాయి. హక్కు లేని మార్పులు ముందు నుంచీ ఎన్ని జరుగుతుండేవో దాన్నిబట్టి యజమానికి అర్థమైంది.

వాడకంలోకి వచ్చాక

బ్రాంచీలు టూల్‌ను మళ్లీ వాడుతున్నాయి. పంట మొదట్లో పరిమితుల షీటు ఇప్పుడు భీమవరంలో కాకుండా ఏ బ్రాంచిది ఆ బ్రాంచిలోనే నడుస్తోంది. నన్ను ఫోన్లో అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం లింకు ఫీల్డులవే, అంటే ఊరి పేర్లవే. ఆ పేజీ ఇంకా సరిగా కుదరలేదని నా అభిప్రాయం. కనబడని గుర్తులను టూలే ముందుగా ఏరివేస్తే ఆ పేజీలో సగం అనవసరమవుతుంది, ప్రోగ్రామరు ఆ పని మీద ఉన్నారు.

చెరువుల పట్టిక పేజీని ఫోన్ యాప్ వాళ్లు అడిగినంత వివరంగా రాయలేదు. వాళ్లకు ఒక్క చెరువు వరుసను మాత్రమే మార్చే విడి దారి కావాలి, సర్వరు వైపు అలాంటి పద్ధతి రాసేవరకు పట్టిక మొత్తాన్ని చదివి, కలిపి, తిరిగి పంపమనే ప్రస్తుతం రాసి ఉంది. సంస్థ ఫ్రాపే 15వ వెర్షనుకు మారే ఆలోచనలో ఉంది. ఆ వెర్షనులో ఏపీఐ రెండో రూపం వచ్చింది, రికార్డు మార్చడానికి అందులో ప్యాచ్‌ను కూడా వాడవచ్చు. పద్ధతి పేరు ప్యాచ్ అయినంత మాత్రాన లోపలి పట్టికలోని పంపని వరుసలు మిగులుతాయని అనుకోవద్దని యాప్ వాళ్లకు ఇప్పటికే చెప్పాను. టెస్ట్ సైటులో ప్రతి ఫీల్డు రకానికీ వేసిన మూడు ప్రశ్నలను, వాటికి వచ్చిన జవాబులను ఒక షీటుగా దాచి ప్రోగ్రామరుకు ఇచ్చాను. వెర్షను మార్చే ముందు ఆ షీటును కొత్త సైటు మీద నడిపి, జవాబు మారిన ఫీల్డుల పేజీలను మాత్రమే తిరగరాస్తాం.